దేవుడు అప్పగించిన పనిలో నమ్మకంగా నిలబడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిలుపు గురించి, దేవుని ఉద్దేశం గురించి విశ్వాసులకు వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రార్థన కూడిక ముగిసి అందరూ లేచి వెళ్తుంటే, ఎవరో ఒకరు ఆగి నెమ్మదిగా అడిగే ప్రశ్నలివి. కొన్ని యువకులవి, కొన్ని చాలా ఏళ్లు సేవ చేసి అలసిపోయినవారివి. మళ్లీ మళ్లీ ఇవే వస్తుండటంతో దశలవారీగా ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

ముందుగా ఒక్క మాట. గృహనిర్వాహకుల దగ్గర, అంటే యజమాని ఇంటిని చూసుకునేవారి దగ్గర, ఉండాల్సింది నమ్మకత్వమని 1 కొరింథీయులకు 4:2 చెబుతోంది. సంఖ్య, వేగం, పేరు ఆ వచనంలో లేవు. ఈ జవాబులన్నీ ఆ వచనాన్ని పట్టుకుని రాసినవే.

## ఇంకా స్పష్టత లేనివారికి

దేవుడు నన్ను ఏ ఉద్దేశంతో పుట్టించాడో ఇప్పటికీ తెలియట్లేదు. ఎలా తెలుసుకోవాలి?

చాలామంది దేవుని ఉద్దేశాన్ని ఎక్కడో దాచిపెట్టిన రహస్యంలా వెతుకుతారు. దొరకకపోతే జీవితం వృథా అయిపోతుందని భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ఆయన చిత్తంలో ఎక్కువ భాగం ఇప్పటికే రాసి ఉంది. మీరు పరిశుద్ధులుగా ఉండటం దేవుని చిత్తమని 1 థెస్సలొనీకయులకు 4:3, ప్రతి విషయంలో కృతజ్ఞతగా ఉండటం ఆయన చిత్తమని 5:18 చెబుతున్నాయి. న్యాయంగా నడవాలని, కనికరాన్ని ప్రేమించాలని, దీనమనసుతో దేవుని వెంట నడవాలని మీకా 6:8 చెబుతోంది. తన కుమారుని పోలికలోకి మనల్ని మార్చడమే దేవుడు ముందుగా నిర్ణయించిన పని అని రోమీయులకు 8:29లో ఉంది. ఇవి ప్రతి విశ్వాసికీ వచ్చిన పిలుపు.

ఇక మీకు మాత్రమే అప్పగించిన పని మాటకొస్తే, అది సాధారణంగా నడుస్తుండగా తెలుస్తుంది, కూర్చుని ఆలోచిస్తే తెలియడం అరుదు. ఏ అవసరం చూస్తే మీ మనసు ఊరుకోదు? మీరు ఏం చేసినప్పుడు ఇతరులకు నిజంగా మేలు జరుగుతోంది? మిమ్మల్ని బాగా ఎరిగిన పెద్దలు మీలో ఏం చూస్తున్నారు? ఈ మూడూ కొంతకాలం పాటు ఒకే వైపు చూపిస్తుంటే అటు అడుగు వేయండి. దేవుడు సత్క్రియలను ముందుగానే సిద్ధపరిచింది వాటిలో మనం నడవడానికని ఎఫెసీయులకు 2:10 అంటోంది. సిద్ధపరిచినవాడు చూపించడం మరచిపోడు.

నాకు కల గానీ దర్శనం గానీ స్వరం గానీ రాలేదు. అంటే పిలుపు లేనట్టేనా?

కాదు. నెహెమ్యాను చూడండి. మండుతున్న పొద ఆయనకు కనబడలేదు, దేవదూత రాలేదు. యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయన్న కబురు విన్నాడు, కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, అంటే సుమారు నాలుగు నెలలు ఆ భారాన్ని మోశాడు. ఆ తర్వాతే రాజు ముందు నోరు విప్పాడు. తాను చేయబోయే పనిని దేవుడు తన హృదయంలో పుట్టించాడని ఆయన చెప్పుకున్నాడు (నెహెమ్యా 2:12). హృదయంలో పుట్టిన భారం, దాన్ని నాలుగు నెలలు మోసిన ప్రార్థన. ఆయన పిలుపు అలా వచ్చింది.

లూకా కూడా అంతే. అన్నిటినీ మొదటి నుంచి పరిశీలించాడు కాబట్టి వరుసగా రాయడం మంచిదని తనకు తోచిందన్నాడు (లూకా 1:3). అలా తోచి రాసిందే ఈ రోజు మన చేతుల్లో సువార్తగా ఉంది.

ఉద్యోగం మానేసి పూర్తికాల సేవలోకి వస్తేనే దేవుని ఉద్దేశం నెరవేరుతుందా?

కొందరికి దేవుడు ఆ దారి చూపిస్తాడు. అందరికీ కాదు. ఈ ఒక్క అపోహ వల్ల చాలామంది తాము చేస్తున్న పనిని తక్కువగా చూస్తూ, ఎప్పుడో చేయబోయే సేవ కోసం ఎదురుచూస్తూ బతికేస్తున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది.

విలియం విల్బర్‌ఫోర్స్ బ్రిటన్ పార్లమెంటులో సభ్యుడు. 1785లో మారుమనస్సు పొందాక రాజకీయాలు వదిలేసి సంఘసేవలోకి వెళ్లాలా అన్న సంఘర్షణలో పడ్డాడు. సలహా కోసం జాన్ న్యూటన్ అనే కాపరి దగ్గరికి వెళ్లాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసలను తరలించే ఓడకు కెప్టెన్‌గా పనిచేసినవాడు. ఆయన పార్లమెంటులోనే ఉండమని ప్రోత్సహించాడు. విల్బర్‌ఫోర్స్ ఉన్నాడు. 1791లో ఆయన తెచ్చిన బిల్లు ఓడిపోయింది, ఆ తర్వాత ఇంకా చాలాసార్లు ఓటమే ఎదురైంది. బ్రిటన్‌లో బానిసల వ్యాపారం 1807లో చట్టప్రకారం ఆగింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో చాలా భాగంలో బానిసత్వాన్నే రద్దు చేసే బిల్లు 1833 జూలైలో కామన్స్ సభ దాటింది. ఆ తర్వాత మూడు రోజులకు ఆయన కన్నుమూశాడు. ఆయన పరిచర్య స్థలం ఆ సభే.

ఉద్యోగం వదలాలన్న ఆలోచన మీకు వస్తే ఒకటి పరీక్షించుకోండి. పిలుపు మిమ్మల్ని లాగుతోందా, లేక ఆఫీసు మీద విసుగు నెడుతోందా? విసుగు నెడితే వచ్చినవారు సేవలో కూడా విసుగే మోస్తారు.

నా దగ్గర పెద్ద తలాంతులేమీ లేవు. పాడలేను, మాట్లాడలేను. దేవుడు నన్ను దేనికి వాడుకుంటాడు?

మత్తయి 25లో రెండు తలాంతులు పొందినవాడికి, ఐదు తలాంతులు పొందినవాడికి యజమాని చెప్పిన మాట ఒక్కటే. 21వ వచనాన్ని, 23వ వచనాన్ని పక్కపక్కన పెట్టి చదవండి, మెప్పులో తేడా లేదు. ఒక తలాంతు అంటే చిన్న మొత్తం కూడా కాదు. అది సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం కూలివాడి ఒక రోజు కూలి. అంటే ఒక మనిషి దాదాపు ఇరవై ఏళ్ల సంపాదనను మూడోవాడు మట్టిలో పాతిపెట్టాడు. తనకు దక్కింది కొంచెమే అనుకోవడం దగ్గరే అతని నష్టం మొదలైంది. రోగుల దగ్గర ఓపికగా కూర్చోవడం, లెక్కలు నిజాయితీగా రాయడం, ఒక బిడ్డను వాక్యంలో పెంచడం, ఇవన్నీ తలాంతులే.

ఒక దైవజనుడు నా భవిష్యత్తు గురించి ప్రవచనం చెప్పారు. దాని ప్రకారమే నడవాలా?

ప్రవచనాలను తృణీకరించవద్దని, సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమని 1 థెస్సలొనీకయులకు 5:20, 21 చెబుతున్నాయి. రెండూ ఒకే చోట ఉన్నాయి. కాబట్టి కొట్టిపారేయకండి, గుడ్డిగా పట్టుకోకండి. ఆ మాట వాక్యానికి సరిపోతోందా, మిమ్మల్ని ఎరిగిన పెద్దల మనసులో సాక్ష్యం ఉందా, కాలం గడిచే కొద్దీ బలపడుతోందా అని చూడండి. వెంటనే నిర్ణయం తీసుకోమని ఒత్తిడి చేసినా, ఆ మాటతో పాటు కానుక అడిగినా, భయపెట్టినా అక్కడ ఆగిపోండి.

## మొదటి అడుగులు వేస్తున్నవారికి

ఇంట్లోవాళ్లు ఒప్పుకోవట్లేదు. దేవునికి లోబడాలా, అమ్మానాన్నలకు లోబడాలా?

ఈ బాధ యేసుకు తెలుసు. ఆయన ఇంటివారే ఆయనకు మతి చలించిందనుకుని పట్టుకోవడానికి బయలుదేరారు (మార్కు 3:21). ఆయన వారి కోసం తన పని ఆపలేదు, వారిని ద్వేషించనూ లేదు. ఆయన సహోదరుడు యాకోబు ఆ తర్వాత యెరూషలేము సంఘంలో స్తంభంగా నిలిచాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని చాలామంది చదవరు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పితమని చెప్పి బాధ్యత తప్పించుకున్నవారిని యేసు కఠినంగా గద్దించాడు (మార్కు 7:9-13). కాబట్టి పిలుపును సాకుగా చూపి అప్పుల్లో ఉన్న తండ్రిని, ఆసరా లేని తల్లిని వదిలేయడం నమ్మకత్వం అనిపించుకోదు. వాళ్ల అభ్యంతరం పరువు కోసమా, మీ మీద దిగులుతోనా, లేక మీ తొందరపాటు చూసి వచ్చిందా అని వినండి. మూడోదైతే బహుశా వాళ్లదే సరి. పెళ్లయినవారైతే భార్యాభర్తలిద్దరూ కలిసి ప్రార్థించి ఒక మనసుకు వచ్చేదాకా ఆగండి. ఒకరిని ఈడ్చుకుంటూ ఇంకొకరు చేసే సేవలో ఇల్లు నలిగిపోతుంది.

ఎటు వెళ్లినా తలుపులు మూసుకుపోతున్నాయి. ఇది దేవుని చిత్తం కాదేమో?

కావచ్చు, కాకపోవచ్చు. ఆటంకం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కుదరదు. అపొస్తలుల కార్యములు 16లో పౌలు ఆసియాలో వాక్యం చెప్పకుండా పరిశుద్ధాత్మే ఆపాడు. బితూనియకు వెళ్లబోతే అదీ కుదరలేదు. చివరికి మాసిదోనియ తలుపు తెరుచుకుంది. థెస్సలొనీక వెళ్లాలనుకున్నప్పుడు మాత్రం సాతాను ఆటంకపరిచాడని అదే పౌలు రాశాడు (1 థెస్సలొనీకయులకు 2:18). ఎఫెసులో అయితే పెద్ద తలుపు తెరిచి ఉంది, ఎదిరించేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు (1 కొరింథీయులకు 16:9).

పౌలు మూడుచోట్లా సువార్త పనిని ప్రశ్నించలేదు. మారింది ఊరు, దారి, సమయం. మీ విషయంలో కూడా మూసుకుపోయింది పనా, లేక మీరు అనుకున్న పద్ధతా అని విడదీసి చూడండి. చాలాసార్లు పద్ధతే.

పిలుపు ఉందని తెలుసు, కానీ ఏళ్లు గడిచిపోతున్నాయి. ఇంకెన్నాళ్లు ఆగాలి?

కల కన్న నాటికి యోసేపుకు 17 ఏళ్లు. ఫరో ముందు నిలబడ్డ నాటికి 30 (ఆదికాండము 37:2, 41:46). మధ్యలో పదమూడేళ్లు గుంట, బానిసత్వం, చెరసాల. ఆ కాలంలో కల నిజమయ్యే సూచన ఒక్కటీ కనబడలేదు. ఆయన చేసింది ఏమిటంటే, పోతీఫరు ఇంట్లో ఇల్లు చక్కబెట్టాడు, చెరసాలలో ఖైదీల బాగోగులు చూశాడు. ఆ తర్వాత ఐగుప్తు దేశాన్ని కరువు నుంచి కాపాడటానికి కావలసింది కూడా నిర్వహణే, పెద్ద ఎత్తున. ఎదురుచూపులో చేసిన పనే ఆయనను ఆ పనికి తయారుచేసింది.

కాబట్టి "ఎన్నాళ్లు?" అన్న ప్రశ్నకు అంకె చెప్పలేం. ఈ రోజు మీ చేతిలో ఉన్న ఇంటిని, మీ ముందున్న మనుషులను ఎలా చూసుకుంటున్నారన్నది మాత్రం మీరు చెప్పగలరు.

## ఏళ్లుగా నడుస్తున్నవారికి

ఎంత కష్టపడినా ఫలితం కనబడట్లేదు. నేను తప్పు చోట ఉన్నానా?

ఈ ప్రశ్న అడిగేవారి కళ్లలో నీళ్లుంటాయి, అందుకే తేలిక జవాబు చెప్పకూడదు.

ఇరవై మూడేళ్లు పెందలకడనే లేచి చెప్పాను, మీరు వినలేదని యిర్మీయా అన్నాడు (యిర్మీయా 25:3). అప్పటికీ ఆయన పని అయిపోలేదు, యెరూషలేము కూలేదాకా చెబుతూనే ఉన్నాడు. పిలిచిన రోజే దేవుడు ఆయనను హెచ్చరించాడు, వాళ్లు నీతో యుద్ధం చేస్తారని. ఆయనకు అప్పగించింది చెప్పడం. వాళ్లు వింటారన్న హామీ ఇవ్వలేదు.

విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. ఆ మరుసటి ఏడాది కొడుకు చనిపోయాడు, భార్య మానసికంగా కుంగిపోయింది. ఆయన పరిచర్యలో మొదటి బెంగాలీ విశ్వాసి కృష్ణ పాల్ బాప్తిస్మం పొందింది 1800 డిసెంబరులో. అంటే ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఖాళీ కాదు. కేరీ బెంగాలీ నేర్చుకున్నాడు, కొత్త నిబంధనను ఆ భాషలోకి అనువదిస్తూ వచ్చాడు. 1801లో అది అచ్చయింది. లెక్కల్లో ఒక్కరూ చేరని ఏళ్లలోనే లక్షలమంది చదవబోయే పుస్తకం తయారైంది.

అయినా ఆత్మపరిశీలన మానకూడదు. ఫలితం లేకపోవడానికి కొన్నిసార్లు కారణం మనమే. సిద్ధపాటు లేని బోధ, మనుషుల్ని కలవని కాపరి, ఎవరి మాటా వినని నాయకత్వం, వీటిని "దేవుని సమయం రాలేదు" అనే మాట కింద దాచకూడదు. నిజం చెప్పగల ఇద్దరు ముగ్గురిని పిలిచి నా పనిలో ఏం మారాలని అడగండి. వాళ్లు చెప్పింది సరిచేసుకున్నాక కూడా ఫలం కనబడకపోతే, వృద్ధి కలిగించేవాడు దేవుడన్న 1 కొరింథీయులకు 3:7 మీద విశ్రాంతిగా ఆనుకోండి.

నాతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ఎందుకు?

యోహాను సువార్త చివర్లో యేసు పేతురుకు తన గొర్రెలను అప్పగించి, అతను ఎలాంటి మరణం పొందుతాడో కూడా చెప్పాడు. పేతురు వెంటనే వెనక్కి తిరిగి యోహానును చూసి, ఇతని సంగతేమిటని అడిగాడు. అది నీకేమి, నీవు నన్ను వెంబడించమన్నాడు ప్రభువు (యోహాను 21:22). పేతురు హతసాక్షి అయ్యాడు, యోహాను ముసలితనం దాకా బతికాడని సంఘ చరిత్ర చెబుతోంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అని లేఖనం లెక్క వేయలేదు. పోలిక మొదలైన చోట మెడ వెనక్కి తిరుగుతుంది, నడక ఆగిపోతుంది. ఎదిగిన ఆ స్నేహితుడి పేరు పెట్టి ఆశీర్వదిస్తూ ప్రార్థించండి. మొదట్లో నోరు రాదు. అయినా చేయండి.

చేయమని వచ్చేవన్నీ మంచి పనులే. దేనికీ కాదనలేకపోతున్నాను. ఇది తప్పా?

విశ్వాసులు తమ పిలుపును పోగొట్టుకునే దారుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఇదే. దేవుడు చెప్పిన పనికి ఎదురు తిరిగి "చేయను" అనేవారు తక్కువ. ఒక్కో మంచి పని వచ్చి, ఒక్కో సాయంత్రాన్ని తీసుకుపోయి, చివరికి అసలు పనికి చోటే లేకుండా పోయినవారు చాలా ఎక్కువ. వాళ్లు పాపంలో పడలేదు, విశ్వాసం వదలలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు కూడా. అందుకే ఆ నష్టం బయటపడటానికి చాలాకాలం పడుతుంది.

మార్కు 1లో కపెర్నహూము ఊరంతా యేసును వెదుకుతోంది. రోగులున్నారు, అవసరం నిజం, ముందు రోజు ఎంతోమంది స్వస్థత పొందారు. ఆయన చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తున్నాడు. సీమోను వచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారన్నాడు. ఇతర గ్రామాలకు వెళ్దాం, నేను వచ్చింది ప్రకటించడానికే అన్నాడు ఆయన. కపెర్నహూములో ఆ ఉదయం నిరాశపడ్డవాళ్లు ఉండే ఉంటారు. ప్రేమ లేక ఆయన వెళ్లలేదు. తెల్లవారకముందు తండ్రితో మాట్లాడాడు కాబట్టి, తెల్లవారాక ఎటు వెళ్లాలో ఆయనకు స్పష్టంగా ఉంది.

అపొస్తలులదీ ఇదే సమస్య. విధవరాండ్రకు ఆహారం పంచడం చిన్న పని అని వాళ్లు అనలేదు. దానికి ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురిని ఎన్నుకోమని శిష్యులకు చెప్పారు, వారిలో స్తెఫను ఒకడు. తాము వాక్యంలో, ప్రార్థనలో ఉండిపోయారు (అపొస్తలుల కార్యములు 6:1-6). కాదనడం ఇంకొకరి పిలుపుకు తలుపు తెరవడం కూడా అవుతుంది. మీరు వదలని పని కోసం దేవుడు సిద్ధం చేసిన స్తెఫను ఎవరో ఇంకా వరుసలో కూర్చునే ఉండవచ్చు.

ఈ వారం మీ డైరీ తెరిచి చూడండి. దేవుడు మీకు అప్పగించాడని నమ్ముతున్న పనికి ఎన్ని గంటలు దక్కాయి? ఏమీ దక్కకపోతే, కొత్తగా వచ్చిన ఒక ఆహ్వానానికి ఈ వారమే మర్యాదగా కాదని చెప్పండి. కారణాల చిట్టా విప్పనక్కర్లేదు. "ఇప్పుడు నాకు వేరే పని అప్పగించి ఉంది" అంటే చాలు.

అలసిపోయాను. ప్రార్థన కూడా రావట్లేదు. మానేద్దామనిపిస్తోంది.

కర్మెలు మీద అగ్ని దిగడం చూసిన ఏలీయా, కొద్దిరోజులకే చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసేయమన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు ఆయన గోడు రెండుసార్లు విన్నాడు. ఆ తర్వాతే పని చెప్పాడు, తోడుగా ఎలీషాను ఇచ్చాడు, ఇంకా 7,000 మంది మిగిలారన్న సంగతీ చెప్పాడు (1 రాజులు 19).

ఆ క్రమాన్నే పాటించండి. ముందు నిద్ర, భోజనం. తర్వాత మీ మాట వినే మనిషి. తర్వాత పని. అంతగా అలసిపోయి ఉన్నప్పుడు సేవ మానేయాలా అన్న నిర్ణయం తీసుకోవద్దు, ఆ నిర్ణయానికి కావలసిన మనసు అప్పుడు మన దగ్గర ఉండదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, ఇంట్లోవాళ్లకు ఈ రోజే చెప్పి వెంటనే వైద్య సహాయం తీసుకోండి. అది విశ్వాస లోపం కాదు.

సేవలో పేరు, డబ్బు వస్తున్నాయి. జారిపోతున్నానని ఎలా గుర్తుపట్టాలి?

సౌలు జీవితంలో మూడు గుర్తులు కనబడతాయి. అమాలేకీయుల మీద గెలిచాక కర్మెలులో తనకోసం జయస్తంభం నిలబెట్టుకున్నాడు. దేవుడు చెప్పిందాన్ని సగం చేసి, మిగతా సగానికి బలి అర్పించడానికని భక్తిగల కారణం చెప్పాడు. తప్పు బయటపడ్డాక కూడా జనం ముందు తనను ఘనపరచమని సమూయేలును అడిగాడు (1 సమూయేలు 15). ఈ మూడింట్లో ఏదైనా మనలో కనబడితే గట్టిగా ఉలిక్కిపడాలి.

డబ్బు విషయంలో పౌలు పద్ధతి మేలు. చందా సొమ్ము చేరవేసేటప్పుడు ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని, తనతో పాటు ఇతరులను పెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:19-21). కానుకల లెక్క మీ ఒక్కరి చేతిలోనే ఉంటే ఈ నెలే ఇద్దరికి అప్పగించండి. మిమ్మల్ని నమ్మరని కాదు. మీ హృదయాన్ని మీరు అతిగా నమ్మకుండా ఉండటానికి.

సేవ కోసం కుటుంబాన్ని త్యాగం చేయాలంటారు. నిజమేనా?

ఇష్టాలను, సుఖాలను త్యాగం చేయమంటే అర్థముంది. భార్యను, పిల్లలను పట్టించుకోకపోవడాన్ని త్యాగం అనకూడదు. తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా కాపాడతాడని 1 తిమోతి 3:5 అడుగుతోంది. ఇల్లు కూడా మీకు అప్పగించిన పనే.

## దారి తప్పానని అనుకుంటున్నవారికి

పాపంలో పడిపోయాను. ఇంకా దేవుడు నన్ను వాడుకుంటాడా?

క్షమాపణ గురించి సందేహం అక్కర్లేదు. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు (1 యోహాను 1:9). మూడుసార్లు ఎరగనని బొంకిన పేతురును ప్రభువు వెదికి వచ్చి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెలను మళ్లీ అప్పగించాడు.

అయితే దేవునితో సంబంధం బాగుపడటం, పోయిన పదవి వెంటనే తిరిగి దక్కడం ఒకటి కాదు. దావీదు క్షమాపణ పొందాడు, పాపఫలితాలను మాత్రం ఇంట్లో చాలాకాలం అనుభవించాడు. మీ వల్ల ఎవరికైనా హాని జరిగి ఉంటే ముందు వాళ్ల మేలు చూడాలి. ఒప్పుకోవాలి, నష్టం తీర్చాలి, చట్టం ముందు జవాబు చెప్పాల్సిందైతే చెప్పాలి. బాధ్యతల నుంచి తప్పుకుని, పెద్దల అధీనంలో వాళ్లు చెప్పినంత కాలం ఉండాలి. వేదిక ఎప్పుడిస్తారని తొందరపడే పశ్చాత్తాపాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ప్రభువును ప్రేమించడానికి, ఒకరికి చాటుగా సేవ చేయడానికి మాత్రం వేదిక అక్కర్లేదు. ఆ పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

పిలుపు నుంచి పారిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తిరిగొస్తే చేర్చుకుంటాడా?

యెహోవా వాక్కు యోనాకు రెండోసారి వచ్చిందని యోనా 3:1 చెబుతోంది. నీనెవె మారలేదు, ఆజ్ఞ మారలేదు, పంపినవాడు మారలేదు.

మార్కు అనే యోహాను సంగతి ఇంకా ఊరటనిస్తుంది. మొదటి ప్రయాణంలోనే పంఫూలియలో పనివారిని వదిలి వెనక్కి వెళ్లిపోయాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అన్న వాదంలో పౌలు, బర్నబా విడిపోయారు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. చివరికి అదే పౌలు, మార్కును వెంటబెట్టుకు రా, పరిచర్యకు అతడు నాకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11). తిరిగి రావాలనుకునేవారికి ఒక బర్నబా కావాలి. మీకు తెలిసినవారిలో అలాంటివారెవరో ఆలోచించి ఫోన్ చేయండి. పోయిన ఏళ్లన్నిటికీ ఒకేసారి పరిహారం చేద్దామని పెద్ద పని నెత్తిన వేసుకోకండి.

## ఆలస్యమైపోయిందని అనుకుంటున్నవారికి

జబ్బు చేసి మంచాన పడ్డాను. చేయాల్సిన పని ఇక ఎలా చేస్తాను?

ఎమీ కార్మైకేల్ తమిళనాడులోని దోనావూరులో వందల పిల్లలను అక్కున చేర్చుకున్న మిషనరీ. 1931లో కిందపడి గాయపడ్డాక, 1951లో చనిపోయేదాకా ఎక్కువగా తన గదికే పరిమితమయ్యారు. తిరిగే కాళ్లు ఆగాయి. ఆ గది నుంచే ఆమె ఎన్నో పుస్తకాలు రాశారు, పిల్లల కోసం ప్రార్థించారు, వచ్చినవారిని ఓదార్చారు.

అందరూ పుస్తకాలు రాయలేరు. నొప్పితో ప్రార్థన కూడా పూర్తి కాని రోజులుంటాయి. ఆ రోజుల్లో దేవుడు మిమ్మల్ని కోరేది నిన్న చేసిన పని కాదు, ఈ రోజు ఉన్న బలం మేరకే. "ప్రభువా, నీవాడిని" అన్న ఒక్క మాటతో రోజు గడిచినా అది నమ్మకత్వమే.

వయసు అయిపోయింది. ఇప్పుడు కొత్తగా ఏం మొదలుపెట్టను?

కాలేబు 85 ఏళ్ల వయసులో కొండ ప్రాంతాన్ని అడిగాడు (యెహోషువ 14:10-12). దేవాలయంలో రేయింబగళ్లు ఉపవాస ప్రార్థనలతో గడిపిన అన్న అనే ముసలి ప్రవక్త్రి, పసివాడైన యేసును చూసి, విమోచన కోసం కనిపెట్టేవారందరికీ ఆయన గురించి చెప్పింది (లూకా 2:36-38). ఒకరికి కొండ, ఒకరికి ప్రార్థన. మీ శరీరం దేనికి సహకరిస్తే దానితో మొదలుపెట్టండి.

ఎన్నో ఏళ్లుగా చూసుకున్న బాధ్యతను ఇంకొకరికి ఎప్పుడు అప్పగించాలి?

మీరు లేకపోతే పని ఆగిపోతుందని తెలిసిన రోజే అప్పగించడం మొదలుపెట్టాలి. వెళ్లిపోయే ముందు రోజు కాదు. దేశంలోకి అడుగుపెట్టవని దేవుడు చెప్పినప్పుడు మోషే, ఈ సమాజం కాపరిలేని గొర్రెల్లా కాకుండా ఒకరిని నియమించమని వేడుకున్నాడు. అందరి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు (సంఖ్యాకాండము 27:15-23).

లేవీయుల గురించిన నియమం కూడా చూడండి. 50 ఏళ్లు నిండాక బరువైన పని మానాలి, గుడారంలో తమ సహోదరులకు సాయంగా మాత్రం ఉండాలి (సంఖ్యాకాండము 8:24-26). పక్కకు తప్పుకోవడం వేరు, వెళ్లిపోవడం వేరు. కొత్తగా వచ్చినవారు మీ పద్ధతి మారుస్తారు. కొన్నిచోట్ల తప్పు కూడా చేస్తారు. అడిగినప్పుడు సలహా చెప్పండి, అడగనప్పుడు ప్రార్థన చేయండి, వాళ్ల గురించి సంఘంలో ఫిర్యాదు చేసేవారికి చెవి ఇవ్వకండి. తాళాలు, లెక్కల పుస్తకాలు, ఫోన్ నంబర్లు, ఎవరి ఇంట్లో ఏ అవసరం ఉందో రాసుకున్న నోట్సు, అన్నీ ఒకేసారి వాళ్ల చేతికివ్వండి.